ముప్పై ఏడున్నర డాలర్ల పిస్టల్

రూగర్ స్టాండర్డ్ పిస్టల్ పిడి ముందు అంచు మీద నిలువునా ఒక అతుకు ఉంటుంది. తెలిసి వెతికితే తప్ప కనపడదు. రెండు ఉక్కు రేకులను ప్రెస్సులో కుడి సగం, ఎడమ సగంగా కొట్టి, అంచులు కలిపి వెల్డింగ్ చేసి, పైన నునుపు పట్టారు. 1949 నాటికి మంచి పిస్టల్ అంటే ఉక్కు దిమ్మను మిల్లింగ్ యంత్రం మీద గంటల తరబడి చెక్కి తీసేది. రేకు పని అంటే యుద్ధంలో హడావిడిగా చేసిన నాసిరకం సరుకనే అభిప్రాయం కొనేవాళ్లలో బలంగా ఉండేది. అలాంటి రోజుల్లో రేకు పిడితో ఒక టార్గెట్ పిస్టల్ వచ్చింది. దాని ధర 37 డాలర్ల 50 సెంట్లు. డెబ్భై అయిదేళ్లు దాటినా దాని సంతతి ఇంకా తయారవుతూనే ఉంది.

చేసినవాడు విలియం రూగర్. కొంతకాలం స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధాగారంలో, ఆ తర్వాత ఆటో ఆర్డ్‌నెన్స్ కంపెనీలో డిజైన్ పని చేశాడు. యుద్ధం అయ్యాక వడ్రంగి పనిముట్ల వ్యాపారం పెట్టి నిలదొక్కుకోలేకపోయాడు. అప్పుడు అలెగ్జాండర్ స్టర్మ్ అనే యువకుడు 50 వేల డాలర్ల పెట్టుబడితో జత కలిశాడు. కనెటికట్ రాష్ట్రంలోని సౌత్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో స్టర్మ్, రూగర్ కంపెనీ మొదలైంది. ఎదుట ఉన్నవి కోల్ట్ వుడ్స్‌మన్, హై స్టాండర్డ్ పిస్టళ్లు. వుడ్స్‌మన్‌ది జాన్ బ్రౌనింగ్ డిజైన్, 1915 నుంచి పేరు మోసింది. వాటికంటే బాగా తక్కువ ధరకు అమ్ముతూ, గురిలో వాటి పక్కన నిలబడగల పిస్టల్ చేయాలి. పెట్టుబడి మాత్రం ఆ 50 వేలే.

రూగర్ ఈ చిక్కును విప్పిన తీరే నాకు ఈ పిస్టల్‌లో అన్నిటికంటే నచ్చిన పనితనం. ఏ భాగం కొలత గుండు దారిని మార్చగలదు, ఏది మార్చలేదు అని విడదీసుకున్నాడు. పిడి చేతిలో గట్టిగా, కదలకుండా ఉంటే చాలు. వెంట్రుకవాసి తేడా అక్కడ లెక్కలోకి రాదు. అందుకే అక్కడ రేకు. బ్యారెల్, దాన్ని పట్టి ఉంచే రిసీవర్, అందులో కదిలే బోల్ట్ మాత్రం సరిగ్గా కుదరాలి. పిడిలో మిగిల్చిన డబ్బు అక్కడికి వెళ్లింది. ఆ భాగాలను కూడా తెలివిగా గుండ్రంగా తీర్చాడు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేత్ పని దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఇందులోని తెలివి వెంటనే అందుతుంది. గుండ్రటి వస్తువును తక్కువ ఖర్చుతో, ఖచ్చితమైన కొలతకు తీయగల యంత్రం లేత్. రిసీవర్ ఉక్కు గొట్టం, బోల్ట్ ఉక్కు కడ్డీ. సైకిల్ పంపులో పిస్టన్‌లా ఒకదానిలో ఒకటి జారుతుంది.

ఈ ఏర్పాటు రూగర్‌కు ఊరికే తోచలేదు. యుద్ధం ముగిశాక ఒక అమెరికన్ మెరీన్ సైనికుడు స్వాధీనం చేసుకుని తెచ్చిన జపాన్ ‘బేబీ నంబు’ పిస్టల్ అతని చేతికొచ్చింది. తన గ్యారేజీలో దాని నకళ్లు రెండు సొంతంగా చేసి చూశాడు. వాటిని అమ్మకానికి పెట్టలేదు కానీ, గొట్టంలో జారే బోల్ట్, దాన్ని వెనక నుంచి పట్టుకుని లాగే పద్ధతి అక్కడి నుంచే తీసుకున్నాడు. బయటి రూపంలో జర్మన్ లూగర్ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సన్నటి బ్యారెల్, బాగా వాలిన పిడి. పేటెంట్లకంటే ముందు చేతులతో నేర్చుకున్న మనిషి పని ఇది. ఒక యంత్రాన్ని విప్పి, కొలిచి, మళ్లీ తయారుచేసినవాడికి దానిలో ఏది అవసరమో, ఏది అలవాటుగా వచ్చిందో తెలిసిపోతుంది.

పేల్చేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఈ పిస్టల్ పేల్చే .22 లాంగ్ రైఫిల్ తూటాలో గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. దాన్ని నెట్టే వాయువు ఒత్తిడి తక్కువ కాబట్టి బోల్ట్‌కు తాళం లాంటి ఏర్పాటు అక్కర్లేదు. బోల్ట్ బరువు, దాని స్ప్రింగ్ బలమే తూటా గొట్టాన్ని క్షణకాలం నిలబెడతాయి. గుండు బ్యారెల్ దాటే వేళకు బోల్ట్ కదలడం మొదలవుతుంది. వెనక్కి వెళ్లి ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, ముందుకొస్తూ కొత్త తూటాను ఎత్తుకుంటుంది. ఇదంతా రిసీవర్ లోపలే. బయట కదిలేవి బోల్ట్ వెనక రెండు చెవుల్లాంటి పట్టులు మాత్రమే.

టార్గెట్ షూటింగ్‌కు ఇందులో ఉన్న లాభం పెద్దది. వుడ్స్‌మన్‌లో వెనక సైట్ కదిలే స్లైడ్ మీద ఉంటుంది. ప్రతి గుండుకూ స్లైడ్ వెళ్లి వచ్చి, సరిగ్గా అదే చోట కూర్చోవాలి. రూగర్‌లో బ్యారెల్, రిసీవర్ ఒకదానిలో ఒకటి బిగించిన ఒకే ముక్క. ముందు సైట్ బ్యారెల్ మీద, వెనక సైట్ రిసీవర్ మీద ఉంటాయి. రెండూ ఎప్పుడూ కదలవు. ఈ నిలకడ విలువ ఒక లెక్కతో తెలుస్తుంది. రెండు సైట్ల మధ్య దూరం 23 సెంటీమీటర్లు అనుకుందాం. వాటి కుదురులో మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తే, 50 గజాల అవతల గుండు దాదాపు 2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అమెరికన్ బుల్స్‌ఐ పోటీలో ఆ దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 3.36 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. పైగా పిస్టల్ పట్టేది ఒంటి చేత్తో. చేయి వణుకు ఎలాగూ కొంత తినేస్తుంది. మిగిలిందాంట్లో యంత్రం వాటా ఎంత తక్కువైతే అంత మంచిది. కొనేవాళ్లు ధరల పట్టిక చూసేముందు చూడాల్సింది ఇదే. తయారీదారు ఎక్కడ డబ్బు మిగుల్చుకున్నాడు? సైట్ల కింద మిగుల్చుకుంటే ఆ చవక పోటీలో పనికిరాదు.

పిడి వాలులోనూ ఆలోచన ఉంది. చేయి చాచి పట్టినప్పుడు మణికట్టు సహజంగా వంగే కోణానికి అది దగ్గర. .22 తూటాకు అడుగున అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది దాని అంచుకు తట్టుకుంటే తూటా ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ వాలి ఉండటం ఆ అంచులు వరసగా కూర్చోవడానికి కలిసొస్తుంది. మ్యాగజైన్‌లో తొమ్మిది తూటాలు పడతాయి. పక్కన ఉన్న చిన్న బొత్తాన్ని బొటనవేలితో కిందికి లాగుతూ నింపాలి. టార్గెట్ పోటీల్లో ఒక్కో విడతకు అయిదు గుండ్లే కాబట్టి తొమ్మిది ధారాళం.

మేజర్ జనరల్ జూలియన్ హాచర్ 1949లోనే ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో ఈ పిస్టల్‌ను మెచ్చుకుంటూ రాశాడు. ఆయుధాల రంగంలో ఆయన మాటకు బరువు ఎక్కువ. ఆర్డర్లు వచ్చి పడ్డాయి. 1951లో ‘మార్క్ 1 టార్గెట్’ వచ్చింది. బ్యారెల్ 6 7/8 అంగుళాలకు పెరిగింది. వెనక సైట్‌ను మరతో పైకీ కిందికీ, ఎడమకూ కుడికీ జరుపుకునే వీలొచ్చింది. అదే ఏడు స్టర్మ్ చనిపోయాడు. అప్పటికి అతనికి 28 ఏళ్లు. వంశచిహ్నాల చిత్రకళలో ఆసక్తి ఉన్న స్టర్మ్ గీసిన గద్ద బొమ్మే కంపెనీ ముద్ర. పిడి పలక మీద ఎర్రటి నేలలో మెరిసే ఆ ముద్రను రూగర్ నలుపుకు మార్పించాడు. తర్వాత దశాబ్దాల పాటు పిస్టళ్లు ఆ నల్ల గద్దతోనే వచ్చాయి. పాత పిస్టళ్లు సేకరించేవాళ్లు ఇప్పటికీ మొదట ఆ రంగే చూస్తారు.

లోపాలు లేవని కాదు. చివరి తూటా పేలాక స్టాండర్డ్‌లో బోల్ట్ వెనక్కి నిలిచి ఉండదు, మూసుకుంటుంది. మ్యాగజైన్ ఖాళీ అయిందని తెలియక ట్రిగ్గర్ నొక్కడం అక్కడ మామూలే. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ బాగుంటుంది గానీ ఖరీదైన పోటీ పిస్టళ్ల ట్రిగ్గర్ ముందు కొంచెం ముద్దగా అనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది విప్పి బిగించడం. పిడి వెనక ఉన్న స్ప్రింగ్ గూడును బయటికి లాగితే దాంతో పాటు బోల్ట్‌ను ఆపే పొడవాటి పిన్ను వస్తుంది. అక్కడిదాకా సులువే. తిరిగి పెట్టేటప్పుడు హ్యామర్‌కు వేలాడే చిన్న కడ్డీ స్ప్రింగ్ తలమీద సరిగ్గా కూర్చోవాలి. పిస్టల్‌ను ఏ దిక్కుకు వంచితే అది తన చోట పడుతుందో చేతికి తెలియాలి. అది తెలిసేదాకా ఓపిక పోతుంది.

ఈ ఇబ్బందులు తీరడానికి చాలా కాలం పట్టింది. 1982లో మార్క్ 2 వచ్చినప్పుడు చివరి తూటా తర్వాత బోల్ట్ నిలవడం మొదలైంది, మ్యాగజైన్‌లో పదో తూటాకు చోటు దొరికింది. బుల్స్‌ఐ పోటీల్లో .22తో పాటు .45 పిస్టల్ కూడా పేల్చాలి. .45 అంటే చాలామందికి ‘1911’ అనే మోడల్ పిస్టలే, దాని పిడి వాలు వేరు. ఒకే చేతికి రెండు వాలులు అలవాటు చేసుకోవడం కష్టమని 1992లో ‘22/45’ అని 1911 వాలుతో, ప్లాస్టిక్ పిడితో ఒకటి చేశారు. విప్పే పని సులువైంది 2016లో, మార్క్ 4తో. వెనక ఒక బొత్తాం నొక్కితే పై భాగం ముందుకు వంగి విడివడుతుంది, బోల్ట్ జారి చేతిలోకొస్తుంది. గొట్టంలో బోల్ట్, కదలని సైట్లు మాత్రం 1949లో ఉన్నట్టే ఉన్నాయి.

మన దగ్గర .22 పిస్టల్‌కు 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. క్రీడాకారులకు దారి షూటింగ్ సంఘాల ద్వారానే. అందుకే ఇక్కడ దాదాపు అందరూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెడతారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా 2018లో పదమూడేళ్ల వయసులో జాతీయ ఛాంపియన్ అయింది ఎయిర్ పిస్టల్‌లోనే. తర్వాత .22తో ఆడే 25 మీటర్ల విభాగంలో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది. ఆ స్థాయి అంతర్జాతీయ పోటీల్లో పార్దిని, వాల్తర్, మొరీని లాంటి యూరప్ పిస్టళ్లదే రాజ్యం. చేతి ఆకారానికి చెక్కిన కొయ్య పిడి, గ్రాముల్లో సరిదిద్దుకునే ట్రిగ్గర్ వాటి సొత్తు. రూగర్ వాటికి పోటీకి రాదు, రావాల్సిన పనీ లేదు. వారాంతంలో క్లబ్బు రేంజికి వెళ్లే అమెరికన్ ఉద్యోగి, తన జీతంలో నమ్మకమైన పిస్టల్ కొనుక్కోవాలన్నది దీని లక్ష్యం. ఆ లక్ష్యాన్ని ఇంతకాలం ఇంత నిజాయితీగా నిలబెట్టుకున్న వస్తువులు ఏ రంగంలోనైనా అరుదు.

అమెరికాలో ఉండి, చట్టం అనుమతించి, పాతది కొనాలనుకునే తెలుగువాళ్లకు నేను చెప్పేది మార్క్ 2. అయిదున్నర అంగుళాల లావుపాటి బ్యారెల్, జరుపుకునే సైట్ ఉన్నది. ముందు పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని, బ్యారెల్ మూతి అంచు చుట్టూ దెబ్బ లేదని నిర్ధారించుకోవాలి. గుండు చివరగా వదిలే చోటు అదే. తర్వాత తూటా కూర్చునే గది అంచు. బోల్ట్ లోపల ఫైరింగ్ పిన్‌ను ఆపే చిన్న అడ్డ పిన్ను ఒకటుంటుంది. శుభ్రం చేసినవాళ్లు దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోతే, ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఫైరింగ్ పిన్ ఆ అంచునే పొడుస్తుంది. అంచు మీద గుంట కనిపిస్తే ఆ పిస్టల్ వదిలేయడమే మేలు. మార్క్ 4 అయితే, 2017 జూన్ 1కి ముందు తయారైన వాటిని సేఫ్టీ మీట లోపం వల్ల కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసింది. ఆ మార్పు జరిగిన పిస్టలేనా అని డబ్బు ఇచ్చేముందే అడగాలి.