పద్యనాటక గానం – హార్మోనియం శ్రుతి : ఒక పరిశీలన
కోనసీమతో సహా కోస్తాంధ్ర పద్యనాటక వేదికపై హార్మోనియం నటునికి ఆధారశ్రుతినిచ్చింది. ఆ సేవ కాదనలేనిది. అయితే ‘అపశ్రుతి’ నిర్ణయానికి కూడా అదే కొలమానం కావడం పునఃపరిశీలించవలసిన అంశం. 29వ మేళకర్త శంకరాభరణాన్ని పాశ్చాత్య మేజర్ స్కేలుతో పోల్చడం పరిపాటి. ఈ సామ్యం స్వరక్రమానికే గాని స్వరస్థానాలకు పూర్తిగా వర్తించదు. షడ్జంతో 5:4 నిష్పత్తిలో పలికే అంతరగాంధారం సుమారు 386 సెంట్లు. స్థాయిలోని 1200 సెంట్లను 12 సమభాగాలు చేసిన హార్మోనియంలో అదే గాంధారం 400 సెంట్లు. కనుక సహజగాంధారాన్ని పాడిన నటుని స్వరం మెట్టుకంటే 14 సెంట్లు తగ్గుతుంది. అది దోషం కాదు, శ్రుతిశుద్ధి. గమకంలో కదిలే స్వరానికైతే ఒకే స్థిరబిందువు ఉండదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. విమర్శకు కావలసినది అటువంటి నిషేధం కాదు, వివేచన. నటుని గానాన్ని ఆధారషడ్జంతో సరిచూడాలి గాని మెట్లవరుసతో కాదు.