‘విముక్త’ కథల్లో సోదరీత్వం: స్వరూపం, పరిమితి

ఓల్గా ‘విముక్త’ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఈ కథలను సాధారణంగా పురాణ పునఃకథనంగానో, సీత విముక్తి గాథగానో చదువుతారు. అయితే ఆ విముక్తి సీత ఒంటరిగా సాధించుకొన్నది కాదు. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ తమ తమ అనుభవాలను ఆమె ముందు ఉంచడం వల్ల ఆ మార్గం ఏర్పడింది. స్త్రీలు పరస్పరం అండగా నిలవడాన్ని స్త్రీవాద విమర్శ ‘సోదరీత్వం’ అనే మాటతో వ్యవహరిస్తున్నది. ఆ భావన ఈ కథల్లో ఏ రూపం తీసుకొన్నదో, దాని పరిమితి ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ కథల్లో సోదరీత్వం ఓదార్పుగా కంటే, అనుభవం వల్ల ఆర్జించిన జ్ఞానాన్ని ఒక స్త్రీ మరొక స్త్రీకి అందించే ప్రక్రియగా పనిచేస్తుందన్నది ఇక్కడి ప్రతిపాదన.

పాటల్లోని ఐక్యత

సీతకు స్త్రీలు తోడు నిలవడం తెలుగు సాహిత్యంలో ఓల్గాతో మొదలు కాలేదు. స్త్రీల రామాయణపు పాటల్లో దానికి బలమైన పూర్వరూపం ఉంది. శూర్పణఖ మారువేషంలో వచ్చి సీత చేత రావణుని చిత్రం గీయించే పాట ఇందుకు ఉదాహరణ. ఆ చిత్రం రాముని కంట పడి అతడు ఆగ్రహించినప్పుడు ఊర్మిళ మొదలైన తోడికోడళ్లు సీత పక్షాన నిలుస్తారు. ఈ ఐక్యత విలువైనదే. కానీ అది అంతఃపురం గడప దాటదు. ఆ వృత్తానికి వెలుపల ఉన్న శూర్పణఖ ఆ పాటలో కూడా పగ తీర్చుకొనే శత్రువుగానే మిగిలిపోయింది. స్త్రీల రామాయణపు పాటలను పరిశీలించిన వెల్చేరు నారాయణరావు బ్రాహ్మణ స్త్రీలు పాడుకొనే పాటలకూ ఇతర కులాల స్త్రీలు పాడే పాటలకూ మధ్య తేడాను గుర్తించారు. స్త్రీల గొంతు అంతటా ఒక్కటి కాదని ఆ పరిశీలన స్పష్టం చేస్తుంది. కాబట్టి సోదరీత్వాన్ని చర్చించేటప్పుడు ఎవరు ఎవరికి తోడు నిలిచారన్న ప్రశ్నతో పాటు, ఆ తోడు ఎవరి వరకు విస్తరించిందన్న ప్రశ్న కూడా అవసరమవుతుంది.

శత్రువు స్థానం నుంచి

‘సమాగమం’ కథ సరిగ్గా ఈ సరిహద్దునే మారుస్తుంది. వాల్మీకి ఆశ్రమంలో ఉన్న సీత, అడవిలో అందమైన తోటను పెంచుతున్న ఒక స్త్రీని గురించి తన బిడ్డల ద్వారా వింటుంది. ఆమె శూర్పణఖ అని గ్రహించి తానే వెతుక్కుంటూ వెళ్తుంది. సంప్రదాయ కథలో ఈ ఇద్దరూ ఒకే పురుషుని విషయంలో ప్రత్యర్థులు. ఒకరు అంగవైకల్యానికి గురయ్యారు, మరొకరు అపహరణకు గురయ్యారు. రెండు అవమానాలూ పురుషుల మధ్య వైరంలో భాగాలే అన్న గ్రహింపు వారిని దగ్గర చేస్తుంది. వారి సంభాషణ ఉమ్మడి దుఃఖం దగ్గర ఆగకపోవడం గమనించదగినది. వికృతమైన ముఖంతో, అందం పట్ల ద్వేషంతో మొదలైన జీవితం మొక్కలతో చేసిన శ్రమ ద్వారా ఎలా మారిందో శూర్పణఖ చెబుతుంది. సీత ఆమెను జాలితో చూడబోయి, చివరకు ఆమె నుంచి నేర్చుకొనే స్థితికి చేరుతుంది. సానుభూతి చూపేవారిది పైచేయి. ఈ కథ ఆ ఎత్తును తొలగించిన తరువాతే స్నేహాన్ని అనుమతించింది.

విభేదానికి చోటు

‘మృణ్మయనాదం’, ‘సైకత కుంభం’ కథల్లో ఈ సంబంధం మరింత సంక్లిష్టమవుతుంది. వనవాస కాలంలో సీత కలుసుకొన్న అహల్య, తనకు తెలిసి జరిగిందా తెలియక జరిగిందా అన్న ప్రశ్ననే తిరస్కరిస్తుంది. స్త్రీని విచారించే అధికారం ఎవరు ఇచ్చారన్నది ఆమె ప్రశ్న. రేణుక ఇసుక కుండలను చూపుతూ పాతివ్రత్యాన్ని గురించి, భర్త, బిడ్డలు అనే బంధాలను గురించి మాట్లాడుతుంది. ఈ మాటలు సీతకు వెంటనే రుచించవు. భర్త ప్రేమపై పూర్తి నమ్మకం ఉన్న దశలో అవి ఆమెకు అతిగా తోస్తాయి. ఆ ఇద్దరు స్త్రీలూ ఆమెను ఒప్పించే ప్రయత్నం చేయరు. మాట చెప్పి వదిలేస్తారు. అగ్నిపరీక్ష, పరిత్యాగం, బిడ్డల ఎడబాటు ఎదురైనప్పుడు ఆ మాటలు సీతలో తిరిగి మేల్కొంటాయి. నిండు సభలో మరొకసారి తనను నిరూపించుకోవలసి వచ్చినప్పుడు ఆమె నిరాకరించడానికి అవి పునాది అయ్యాయి. అంటే ఇక్కడ సోదరీత్వానికి తక్షణ ఏకాభిప్రాయం షరతు కాదు.

రామాయణ సంప్రదాయంలో కీర్తి పొందిన సౌభ్రాత్రంతో పోల్చినప్పుడు ఈ లక్షణం మరింత స్పష్టమవుతుంది. అన్నదమ్ముల అనుబంధం అక్కడ ఎక్కువగా ఆజ్ఞాపాలన రూపంలో నడుస్తుంది. శూర్పణఖ ముక్కుచెవులు కోసినవాడూ, సీతను అడవిలో విడిచి వచ్చినవాడూ లక్ష్మణుడే. రెండు సందర్భాల్లోనూ అతడు అన్నమాట జవదాటలేదు. ఓల్గా ‘బంధితుడు’ కథలో రాముడు సైతం రాజధర్మానికి బందీగా కనిపిస్తాడు. ఆజ్ఞాపించేవానికి కూడా స్వేచ్ఛ లేని బంధం అది. దీనికి భిన్నంగా ‘విముక్త’ కథలోని ఊర్మిళ పద్నాలుగేళ్ల ఏకాంతంలో అధికార స్వరూపాన్ని అర్థం చేసుకొని, ఎవరి మీదా అధికారం చేయని, ఎవరి అధికారానికీ లొంగని స్థితిని గురించి సీతతో మాట్లాడుతుంది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో నిద్రగా ఉన్నది ఇక్కడ అన్వేషణగా మారింది. తోబుట్టువు కావడం చేత కాక, ఆ అన్వేషణ ఫలితాన్ని పంచుకోవడం చేత ఊర్మిళ సీతకు సోదరి అయింది.

కథన నిర్మాణం

ఈ నాలుగు కథల్లోనూ నిర్మాణం దాదాపు ఒక్కటే. ఒక స్త్రీ వింటుంది, మరొక స్త్రీ తన కథను తానే చెబుతుంది. తెలుగు స్త్రీవాద చరిత్రలో దీనికి సమాంతరం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన వారి మాటల్లోనే సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించింది. వినడాన్ని ఒక రాజకీయ కార్యంగా నిలబెట్టిన పుస్తకం అది. ‘విముక్త’లో సీతకు దక్కిన పాత్ర కూడా ప్రధానంగా శ్రోత పాత్రే. ఇతరులు చెప్పగా విన్న అపవాదును పక్కన పెట్టి, ఆ స్త్రీ నోటనే ఆమె కథను వినడం ఈ కథల్లో సోదరీత్వానికి తొలి మెట్టు.

పరిమితి

అయితే జ్ఞానం ప్రవహించే దిశను గమనిస్తే ఒక పరిమితి కనిపిస్తుంది. నలుగురూ సీతకు ఇస్తారు. సీత నుంచి వారికి అందినది స్వల్పం. వారి సంఘర్షణలన్నీ ఆమె వచ్చేసరికి ముగిసిపోయాయి. శూర్పణఖ గాయపడి, కుంగి, కోలుకొన్న సంవత్సరాల్లో ఆమె పక్కన ఏ స్త్రీ నిలిచిందో కథ చెప్పదు. రాజకుటుంబపు స్త్రీ మేలుకోవడానికి ఆ కుటుంబం చేతనే గాయపడిన స్త్రీ గురువు కావడంలో ఔన్నత్యం ఉంది, అసమానత కూడా ఉంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వెలువడిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల సాహిత్యాన్ని ప్రత్యేకంగా ఒకచోట చేర్చవలసి రావడమే, ‘స్త్రీలందరూ ఒకటే’ అన్న భావన అందరినీ కలుపుకోలేదనడానికి నిదర్శనం. ఆ వెలుగులో చదివితే, శూర్పణఖ క్షమ మీద సోదరీత్వ భారం ఎక్కువగా మోపబడిందని చెప్పవలసి వస్తుంది.

ముగింపు

ఈ పరిమితి వల్ల ‘విముక్త’ ప్రాధాన్యం తగ్గదు. పాటల్లో గడప లోపల ఉండిపోయిన స్త్రీల ఐక్యతను ఓల్గా అడవి వరకు నడిపించారు. ప్రత్యర్థిని వక్తగా, రాణిని శ్రోతగా నిలిపారు. విభేదాన్నీ కాలవిలంబాన్నీ సోదరీత్వంలో భాగంగా అంగీకరించారు. సీత నుంచి శూర్పణఖకు సాగవలసిన తిరుగు ప్రయాణం మాత్రం ఈ కథల్లో పూర్తికాలేదు. పునఃకథన సాహిత్యాన్ని పరిశీలించేవారు ఎవరు విముక్తి పొందారన్న ప్రశ్నతో పాటు, ఆ విముక్తికి ఎవరి అనుభవం పెట్టుబడి అయిందో, దానికి బదులుగా వారికేమి దక్కిందో కూడా పరిగణించినప్పుడే సోదరీత్వ భావన విమర్శలో సార్థకమవుతుంది.