మజిలీ, ద్వారం, మరుగు: శ్రీశైల మార్గ రచనలలో చిన్న చోట్ల స్థానం

ఇటీవల తెలుగులో విరివిగా వస్తున్న యాత్రా వ్యాసాలలో ‘మరుగునపడిన క్షేత్రం’, ‘ఎవరికీ తెలియని జలపాతం’, ‘వెలుగు చూడని గుడి’ వంటి మాటలు తరచుగా కనిపిస్తాయి. వ్యాకరణరీత్యా ఇవి చోటుకు విశేషణాలు. అర్థరీత్యా ఇవి చెప్పేది మాత్రం చోటును గురించి కాదు. ఎవరికి మరుగు, ఎప్పటినుంచి మరుగు, ఏ కారణం చేత మరుగు అని అడిగితే ఈ విశేషణానికి సమాధానం ఉండదు. నల్లమలలోని శ్రీశైల మార్గాలను చిత్రించిన కొన్ని పూర్వ రచనలలో చిన్న చోట్లు ఏ రూపంలో ప్రవేశించాయో పరిశీలిస్తే, ఈ కొత్త విశేషణం వెనుక ఉన్న దృష్టిభేదం స్పష్టమవుతుంది.

శ్రీశైల స్థలపురాణ సంప్రదాయం ఆ క్షేత్రానికి ఎనిమిది ద్వారాలను చెప్పింది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ప్రధాన ద్వారాలు. ఈశాన్యాన ఏలేశ్వరం, ఆగ్నేయాన సోమశిల, నైరుతిన పుష్పగిరి, వాయవ్యాన సంగమేశ్వరం ఉపద్వారాలు. కృష్ణ ఒడ్డునుంచి పెన్న ఒడ్డుదాకా విస్తరించిన ప్రాంతాన్ని ఒకే గుడి ప్రాంగణంగా ఊహించిన ఈ కల్పన సామాన్యమైనది కాదు. ఇందులో పుష్పగిరి పుష్పగిరిగా ఎంత ముఖ్యమో, శ్రీశైలానికి వాకిలిగానూ అంతే ముఖ్యం. ద్వారం అనే మాటలోనే నడక ఇమిడి ఉంది. దాటి వెళ్లేవాడు లేకపోతే ద్వారం లేదు. పూర్వులు చిన్న చోటుకు పేరుపెట్టిన పద్ధతి ఇది: అది ఎంత తెలిసినదో కాదు, ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పడం.

పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణం ఈ దృష్టికి కావ్యరూపం. పర్వతం అంటే శ్రీశైలమే అనే వాడుక ఆనాటికే స్థిరపడింది. శివరాత్రికి కొండకు సాగే భక్తజన సమూహాలు, వారి వ్రతాలు, ఆటపాటలు ఈ ప్రకరణానికి ప్రాణం. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు అని సోమనాథుడు పేర్కొన్న పాటల పేర్లను జానపద సాహిత్య చరిత్రకారులు పలుమార్లు ఉదాహరించారు. అయితే ఆ జాబితాను సందర్భంనుంచి విడదీసి చూడడం అలవాటైంది. పర్వత పదాలు పర్వతానికి పోయేవారి పాటలు. అవి ఒక సాహిత్య ప్రక్రియకు ఎంత సాక్ష్యమో, ఒక మార్గానికీ అంతే సాక్ష్యం. ద్విపద నడక కూడా ఇందుకు తోడ్పడింది. పద్యం ఒక దృశ్యం దగ్గర ఆగి దాన్ని పూర్తిచేస్తుంది. ద్విపద తరువాతి పంక్తికి తోసుకుపోతుంది. సోమనాథుని కొండ చేరుకున్న కొండ కంటే ఎక్కువగా చేరుకుంటున్న కొండ.

కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలానికి వచ్చి, ఆ వృత్తాంతాన్ని ‘ఏషియాటిక్ రీసెర్చెస్’లో ప్రచురించాడు. ఆ వ్యాస శీర్షికలో ఆయన వాడిన పేరు కూడా ‘పర్వతం’ అనే దేశీయ వ్యవహారమే. ఆయన చూపు సర్వేయరు చూపు; దానిని గురించి ఇక్కడ విస్తరించనవసరం లేదు. కావలి సోదరులవంటి తెలుగువారి శ్రమతో ఆయన సేకరింపజేసిన కైఫీయతులు మాత్రం ఈ చర్చకు అవసరం. కైఫీయతు ఊరిని దాని లోపలివారి నోట చెప్పిస్తుంది. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎవరి చేతికి పోయింది అనేవి దాని విషయాలు. ఆ ఊరు బయటివారికి తెలుసా తెలియదా అన్నది కైఫీయతుకు పట్టదు.

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’లో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపిన వృత్తాంతాలు 1838లో గ్రంథరూపం పొందాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి ప్రకటించాడు. ఈ గ్రంథంలో ప్రధాన నిర్మాణఘటకం క్షేత్రం కాదు, మజిలీ. ఈ మజిలీనుంచి ఆ మజిలీకి ఎన్ని ఆమడలు, బాట రాతిదా ఇసుకదా, నీళ్లు మంచివేనా, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి స్థలముందా అనే వివరాలు ప్రసిద్ధ నగరానికీ కుగ్రామానికీ దాదాపు ఒకే తీరుగా నమోదయ్యాయి. ఈ శైలి పొడిగా ఉందని తొలి పఠనంలో అనిపించడం సహజమే. కాని ఆ పొడితనంలో ఒక న్యాయం ఉంది. దాహంతో వచ్చినవాడికి బావి ఉన్న పల్లె, బావి లేని పట్టణం కంటే పెద్దది.

ఆత్మకూరు వైపునుంచి శ్రీశైలానికి పోయే బాటలో నాగలూటి, పెద్దచెరువు, భీమునికొల్లం వరుస మజిలీలు. నాగలూటిలో వీరభద్రాలయం ఉంది. అక్కడినుంచి కొండకు రాతిమెట్లు ఉన్నాయి. శ్రీశైల, అహోబిలాలకు సోపానాలు కట్టించిన కీర్తి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. అంటే 14వ శతాబ్దంలో ఒక రాజు తన కీర్తికి ఆధారంగా ఎంచుకున్నది గోపురాన్ని కాదు, దారిని. వీరాస్వామయ్య ఇదే మార్గాన వెళ్లి, కొండమీద యాత్రికులనుంచి కందనూరు నవాబు రాబట్టే సుంకాలను కూడా గ్రంథంలోకి ఎక్కించాడు. అడవి అందాన్నీ వసూళ్ల బాధనూ ఒకే కాగితంమీద పెట్టగలగడం ఆయన గద్యబలం. ఆయన పల్లకీలో ప్రయాణించినవాడనీ, అడవివారిని బాటసారి అవసరాల మేరకే చూశాడనీ ఒప్పుకోక తప్పదు. అయినా ఆయన గ్రంథంలో అడవి నిర్జనం కాదు.

నేటి వ్యాసాలకు వస్తే, దోర్నాల వైపునుంచీ మన్ననూరు వైపునుంచీ మోటారు రోడ్లు ఏర్పడిన తరువాత నాగలూటి మజిలీ కాకుండా పోయింది. గుడి అక్కడే ఉంది, బాట మళ్లింది. దీనినే నేటి రచన ‘మరుగునపడడం’ అంటున్నది. కొలతలోనే ఈ మార్పు కనిపిస్తుంది. వీరాస్వామయ్య దూరాన్ని గడచిన మజిలీనుంచి కొలిచాడు. నేటి వ్యాసం హైదరాబాదునుంచి కొలుస్తుంది. కొలతకు మొదలు మారితే ప్రతి చిన్న చోటూ నగరానికి అంచు అవుతుంది, అంచున ఉన్నది ‘కనుగొనవలసినది’ అవుతుంది. కనుగొన్నవాడు కథానాయకుడయ్యాక, ఆ చోటున తరతరాలుగా ఉంటున్న చెంచులు దారి చూపినవారుగా ఒక వాక్యంలో వచ్చి పోతారు. మల్లన్నను చెంచు మల్లయ్యగా పిలుచుకుని చుట్టరికం కలుపుకున్నవారికి ఆ అడవిలో తెలియని గుడి ఏమిటో ఈ వ్యాసాలు అడగవు. కాలినడకనే రచనాపద్ధతిగా స్వీకరించిన ఎం. ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’ వంటి రచనలు ఈ ధోరణికి భిన్నమైనవి. నడిచేవాడికి మధ్యలోని చోట్లను వదలిపెట్టే వీలు లేదు.

ఈ విశేషణం వల్ల జరుగుతున్న నష్టం అలంకారానికి సంబంధించినది మాత్రమే కాదు. ‘మరుగునపడింది’ అనే క్రియకు కర్త లేడు. తనంత తానే పడినట్లు ధ్వనిస్తుంది. ఎనిమిది ద్వారాలలో ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. ముచ్చుమర్రి సమీపంలోని సంగమేశ్వరం శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో ఎక్కువకాలం నీటి కిందే ఉండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. గుడి దక్కింది గాని, పేరులోని సంగమం దానికి దూరమైంది. వీటిని మరుగుపరచిన కారణాలకు పేర్లున్నాయి, తేదీలున్నాయి, నిర్ణయాలున్నాయి. ఆనకట్టల మేలును కాదనకుండానే ఆ కారణాన్ని వాక్యంలో పెట్టవచ్చు. వేసవిలో తేలిన సంగమేశ్వరాన్ని ‘అద్భుత దృశ్యం’గా వర్ణించి, ఆ నీటి కింద ఉన్న ఊళ్ల పేర్లు చెప్పని వ్యాసం, నవాబు సుంకాన్ని వదలకుండా రాసిన వీరాస్వామయ్య కంటే వెనుకకే పోయింది.

నాగలూటి విషయంలోనైతే ‘తెలియని’ అన్న మాట నేటికీ పూర్తిగా నిజం కాదు. ఉగాదికి కన్నడ దేశంనుంచి మల్లన్న దర్శనానికి వచ్చే పాదచారులు, శివరాత్రికి నడిచివచ్చే తెలుగు భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొల్లం మీదుగా కైలాసద్వారం చేరుతూనే ఉన్నారు. భీమునికొల్లాన్ని వారు భీమునికొలను అంటారు. ఆ మెట్లమీద వారు పాడుకునే పాటలలో సోమనాథుడు పేర్కొన్న పర్వత పదాల జాడ ఏమైనా మిగిలి ఉందా అన్నది, రెండు భాషలవారి వెంట నడిచి సేకరించి చూడవలసిన విషయం.