హద్దెరుగని రంగులు

సముద్రమును గాజుతొట్టెలో నిలుపుకొను అభిలాష గలవారి సమాజమున పుట్టగొడుగు పగడమునకు, అనగా మష్రూమ్ కోరల్‌కు, చిరకాలముగా లభించుచున్నది రెండవ పంక్తి మర్యాదయే. కొమ్మలుగా పెరుగు రాతిపగడములను సాకుట విద్వత్తుగా ఎంచబడును. రాతికంటుకొని వెడల్పుగా విచ్చుకొను ఈ మెత్తని చక్రములు మాత్రము క్రొత్తగా చేరిన శిష్యులకప్పగించు ప్రథమ పాఠముగా చెల్లుచున్నవి. ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపాలో మా యింటి వెనుకగదిలో వీనితో సహవాసము చేయుచున్న నాకు ఈ తీర్పు సగమే సరియని తోచుచున్నది. వీనిని బ్రదికించుట సులభమే. ఇంతవరకే పెరుగుమని ఒప్పించుట సులభము కాదు.

కొరల్లిమార్ఫేరియా అను క్రమమునకు చెందిన ఈ జంతువులు రాతిపగడములకు దగ్గరి జ్ఞాతులయ్యు సున్నపుటస్థిపంజరమును గట్టుకొనవు. మధ్య నొక నోరు, దానిచుట్టు పరచుకొన్న మాంసళమైన దేహము, అడుగున రాతిని బట్టిన పాదము. ఇంతియే వీని సంపద. నునుపైన డిస్కోసోమా, గరుకుదేలిన రోడాక్టిస్, పూసలు గ్రుచ్చినట్లు గుండ్రని బొడిపెలతో మెరయు రికార్డియా మా యిండ్లలో తరచుగా కనబడును. ఏనుగు చెవి యని పేరొందిన ఆంప్లెక్సిడిస్కస్ వీనిలో భీమకాయము. సీ అనిమోనీ యని భ్రమించి దానిపై విశ్రమించిన చిన్న చేపను అది అంచులు ముడిచి సంచిలో బంధించినట్లు బంధించి భుజించును. కావున దానిని చేపలున్న తొట్టెలోనికి తెచ్చుటకు ముందు ఒకటికి రెండుమార్లు ఆలోచింపవలెను.

వీని రంగులలో పెక్కు ప్రతిదీప్తి ప్రోటీనుల చలువ. ఇవి నీలికాంతిని గ్రహించి, దానినే ఆకుపచ్చగను, నారింజగను, ఎరుపుగను మరల వెలువరించును. అందుచేతనే నీలి ఎల్‌ఈడీ దీపము క్రింద కన్నులు మిరుమిట్లు గొలుపు జీవి తెల్లని వెలుతురులో ఒక్కొక్కప్పుడు వట్టి గోధుమరంగు ముద్దగా తేలిపోవును; ఈ రహస్యమును అమ్మువారు సాధారణముగా విప్పి చెప్పరు. 1999లో మిఖాయిల్ మాట్జ్, సెర్గేయ్ లుక్యానోవ్ మున్నగు రష్యా శాస్త్రజ్ఞులు, మాస్కో నగరపు అక్వేరియము వ్యాపారమున దొరకిన డిస్కోసోమా నుండియే ఎర్రని ప్రతిదీప్తి ప్రోటీను యొక్క జన్యువును వేరుచేసిరి. డీఎస్‌రెడ్ అను ఆ ప్రోటీనును రోజర్ చెన్ ప్రయోగశాలవారు సంస్కరించి, చెర్రీ, స్ట్రాబెర్రీ, ప్లమ్ అని పండ్ల పేర్లు గల సంతతిని సృష్టించిరి. జీవకణములోని వ్యాపారమును రంగులలో చూపు ఆ సాధనములు నేడు లోకమంతట ప్రయోగశాలలందున్నవి. చెన్ 2008లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిని ఆకుపచ్చ ప్రోటీనుపై కృషికై మరి యిరువురతో పంచుకొనెను. అంగడిలో చవుకగా దొరకు జంతువు శాస్త్రమునకు చేసిన యీ ఉపకారము నెరిగిన పిదప, బుడగలు పొంగిన బౌన్స్ అను రోడాక్టిస్ జాతికి వందల డాలర్లు గుమ్మరించు మా మిత్రుల ఆవేశమును చూచి నాకు నవ్వే వచ్చును. తన్ను తానే పంచుకొనుచు పోవు జీవికి అరుదుదనము ఎన్నాళ్లు నిలుచును?

ఇక పోషణమున చెప్పవలసినది కొంచెమే. విశిష్ట సాంద్రత 1.025, ఉష్ణము 25, 26 డిగ్రీల సెల్సియస్, వెలుతురు మితము, ప్రవాహము మందము. దేహములో కాపురముండు సూక్ష్మశైవలములు అన్నము పెట్టుచుండును గనుక ప్రతిదినము మేత వేయ నక్కరలేదు. నీటిలో నైట్రేటు బొత్తిగా శూన్యమైనచో ఇవి కుంచించుకొనును. శుచిత్వమును మితిమీర పాటించువారి తొట్టెలలోనే ఇవి దీనముగా కనబడుట వింత. అసంతుష్టి కలిగినచో పాదము నూడదీసికొని నీటిలో కొట్టుకొనిపోయి, ఎక్కడనో చీకటిమూల నాశ్రయించును.

సంతతి విషయమున వీని ఔదార్యమునకు మేర లేదు. రాతిపై మెల్లగా జరుగునప్పుడు పాదము విడిచిన చిన్న ముక్కలు కొన్ని వారములలో పిల్లలై లేచును; ఒక్కటే జీవి నోటి మీదుగా నిలువున చీలి రెండగుటయు కలదు. మనము కత్తి చేబూనుట ఈ స్వభావమునకు తోడుపడుటయే. చేతికి తొడుగులు, కంటికి అద్దములు ధరించి, తొట్టెనీటిని వేరొక గిన్నెలో నుంచుకొని, పదునైన కత్తితో నోటి నడుమగా రెండు చేయవలెను; ప్రతి ముక్కకును నోటిలో కొంత భాగము వచ్చినచో గాయము త్వరగా మానును. మొద్దుకత్తి కోయదు, నలిపివేయును; అటుపిమ్మట కుళ్లు పట్టును. కోసిన తరువాత వెలువడు జిగటను కడిగివేయనిదే తొట్టెలోనికి చేర్పరాదు. జిగురుతో అంటించుట వ్యర్థము. ఆ జిగటపై ఏ జిగురును నిలువదు. గులకరాళ్లు పరచిన చిన్న గిన్నెలో ముక్కలనుంచి, పైన సన్నని వలగుడ్డ గట్టి, నీరు మెల్లగా కదలు చోట విడిచినచో ఒకటి రెండు వారములలో వానియంతట అవే రాయి నంటుకొనును. కోసి గోడపై విసిరినను ఊడ దింపి బ్రదుకు తిప్పతీగను ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము గాదు. రికార్డియాలలో యూమా అను పసిఫిక్ జాతి మాత్రము కత్తిని సహింపక కరగిపోవుట తరచు. దానిని దాని మానమున విడుచుటయే మేలు.

అయితే ఈ ఔదార్యమే ప్రమాదము. ఎర్రసముద్రతీరమందలి ఐలాట్‌లో రోడాక్టిస్ జాతి యొకటి పొరుగు పగడము తగిలినచోట అంచున ఉబ్బిన ప్రత్యేక స్పర్శాంగములను పెంచి, వాని విషకణములతో పొరుగును దగ్ధము చేయుటను పరిశోధకులు వర్ణించిరి. ఇంతకంటె పెద్ద కథ హవాయి ద్వీపములకు దక్షిణమున సుదూరముగా నున్న పాల్మైరా పగడపు దీవిది. 1991లో తైవాను చేపల ఓడ యొకటి అచ్చటి దిబ్బపై చిక్కుపడెను. కొన్ని సంవత్సరములకు రోడాక్టిస్ హౌవీసియై అను జీవి ఆ శిథిలము చుట్టును దట్టముగా వ్యాపించి, రాతిపగడములను కప్పివేసెను. ఓడకు దూరమైనకొలది దాని సాంద్రత తగ్గుటను చూచి, ఓడనుండి కరగిన ఇనుము కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించిరి. చివరకు అమెరికా ప్రభుత్వము ఆ శిథిలమును తొలగింపవలసివచ్చెను. మా తొట్టెలలో జరుగుచున్నది చిన్నమెత్తు పాల్మైరాయే: తొలుత ఒక మూల అలంకారముగా నిలిచిన డిస్కోసోమా కొన్నియేండ్లకు శిలనంతటిని స్వాధీనము చేసికొనును. అందుచేత నేను వీనిని ప్రధాన శిలపై నాటను. చుట్టును ఇసుక గల వేరు రాయిపై నుంచుదును, ఇసుకను దాటుట వీనికి కష్టము గనుక.

పంపిణీ యొక్క మేలును మరువరాదు. ఇండ్లలో కోసి పంచుకొనిన ప్రతి ముక్కయు సముద్రపు దిబ్బ నుండి గీకితేవలసిన యొక జీవిని మిగుల్చును. మా రాష్ట్రమున రికార్డియాను వినోదార్థము సేకరించువారికి రోజునకు 5 పాలిప్‌లకు మించరాదనియు, రెండంగుళముల వెడల్పునకు మించని వంగు కత్తినే వాడవలెననియు నియమమున్నది. ఆ నియమమును పాటించినను, ఇంటిలో పెరిగినది దొరకునప్పుడు సముద్రమునకు పోవుట నాకు సమ్మతము కాదు.

ఇంటిలో పెరిగినది ఎక్కువైనచో పారవేయుట మరింత దోషము. తొట్టెవాసులను సముద్రములో విడిచిన ఫలముననే లయన్ ఫిష్ అట్లాంటిక్ తీరమున కుటుంబములు కట్టినదని నమ్మబడుచున్నది. 1985లో ఫ్లారిడా తీరమున దాని జాడ తొలిసారి నమోదైనది. కాబట్టి పాఠకులలో తొట్టె గలవారికి నా మనవి: మిగిలిన ముక్కను తోటి సాధకునికిండు, దుకాణమునకిండు, ఎవరును పుచ్చుకొననిచో మంచినీట ముంచి చంపి, చెత్తబుట్టలో వేయుడు గాని కాలువకును, సముద్రమునకును ఈయకుడు.