పాత కథానాయకుడు మళ్ళీ వస్తే

దసరా సెలవులకు పిల్లలంతా అయిజలో మా ఇంట్లో చేరారు. మా చెల్లెలి కొడుకులిద్దరూ, మా మరిది కూతురూ, పక్కింటి కుర్రవాడూ. వసారాలో చాప పరుచుకుని, మధ్యన కాగితాలూ పెన్సిళ్ళూ రకరకాల పాచికలూ పోసుకుని, రాత్రి పదకొండయినా లేవరు. ఆ పాచికల చప్పుడు విని మా అత్తగారు, "జూదమేమో, చూడుపో" అని నన్ను పంపారు. వెళ్ళి కూర్చున్నాను. జూదం కాదు, కథ!

తెలియనివాళ్ళ కోసం ఈ ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేశారు. ఈ రకం ఆటల్లో ఒకరు సూత్రధారి. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం మాట్లాడుతుందో, ఏం చేస్తుందో చెబుతారు. కత్తి దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. దారిలో ఎదురయ్యే రాజూ, దొంగా, పూటకూళ్ళమ్మా, రాక్షసుడూ - వీళ్ళందరి మాటా సూత్రధారిదే. ఒక్కొక్క కథ నెలలూ ఏళ్ళూ నడుస్తుంది, అచ్చం మన వారపత్రిక సీరియల్ లాగా. పాత్రకు వయసు మళ్ళిందనో, ఆడేవాడికి ఉద్యోగం వచ్చిందనో ఒక పాత్ర 'రిటైర్' అవుతుంది. కొన్నాళ్ళకు సూత్రధారి ఆ పాత్రనే మళ్ళీ కథలోకి రప్పిస్తే? మనిషి పాతవాడే, నోరు మాత్రం ఇప్పుడు సూత్రధారిది. చిక్కంతా అక్కడే.

మా చెల్లెలి పెద్దకొడుకు మూడేళ్ళపాటు ఆడిన పాత్ర ఒక ఒంటికన్ను విలుకాడు. బెంగళూరులో ఉద్యోగం రాగానే వాడు ఆట మానేశాడు. ఈసారి ఊరికే చూడ్డానికి కూర్చున్నాడు. సూత్రధారి మా మరిది కూతురు. అన్నయ్య వచ్చాడని సంబరపడి, మొదటి రాత్రి ఆ విలుకాణ్ణి కథలోకి దింపింది. కోటలో చిక్కుకున్న పిల్లల పాత్రల్ని కాపాడ్డానికి అతను వచ్చాడు, వరసగా బాణాలు వేశాడు, శత్రువులంతా పడిపోయారు. పిల్లల మొహాలు వాడిపోయాయి. "ఇంక మేమెందుకు?" అన్నాడు పక్కింటి కుర్రవాడు.

సరే, తప్పు దిద్దుకుందామనుకుంది కాబోలు, మర్నాటి రాత్రి అదే విలుకాణ్ణి సత్రంలో తాగి దొర్లుతున్నవాడిగా చూపించింది. అంతటితో ఊరుకోక, కొత్త రాక్షసుడు ఎంత భయంకరుడో తెలియాలని, వాడిచేత ఒక్క వేటుకి చంపించేసింది. పెద్దవాడు మాట్లాడకుండా లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు. అన్నానికి పిలిచినా దిగిరాలేదు. నేనే వెళ్ళి, "ఆటే కదరా, దానికింత పట్టింపేమిటి?" అన్నాను.

"వాడు తాగడు పెద్దమ్మా" అన్నాడు.

చూశారా! చచ్చిపోయినందుకు కాదు వాడి బాధ.

ఆ మాట నాకూ తగిలింది. నా మొదటి నవల నాయికను కొన్నేళ్ళ తర్వాత మరో నవలలోకి తీసుకొచ్చాను. కొత్త అమ్మాయికి కష్టం వచ్చినప్పుడల్లా ఈవిడ ప్రత్యక్షమై గంటసేపు హితోపదేశం చేస్తుంది. పాఠకులు సంతోషిస్తారనుకున్నాను. ఒకావిడ మాత్రం, "ఆమె ఇంత మాట్లాడే మనిషి కాదండీ" అని ఉత్తరం రాసింది. పూర్వపు నవలలో ఆ నాయిక బలమంతా మౌనంలోనే ఉండేది. అది నేనే మరిచిపోయాను, పాఠకురాలు మరవలేదు.

ఇటువంటి రాకడలు మన కథలకు కొత్తేమీ కాదు. భారతంలో సౌగంధిక ఘట్టం తీసుకోండి. ద్రౌపది అడిగిన పూలకోసం భీముడు అడవిలో దూసుకుపోతుంటే, అరటితోటలో ఒక ముసలి కోతి దారికడ్డంగా పడుకుని ఉంటుంది. లేవలేనయ్యా, నా తోక పక్కకు జరిపి వెళ్ళు అంటుంది. ఎడమచేత్తో పట్టాడు, కదల్లేదు. రెండు చేతులూ వేశాడు, కదల్లేదు. అప్పుడు తెలిసింది ఆయన హనుమంతుడని, వాయుపుత్రుడు కనుక తనకు అన్నగారేనని. 1965లో వచ్చిన 'పాండవ వనవాసం' సినిమాలో భీముడిగా రామారావు తోకతో తంటాలు పడే ఆ దృశ్యం టీవీలో ఎన్నిసార్లు వేసినా మా ఇంట్లో అందరూ చేతిలో పని వదిలేసి చూస్తారు.

నవ్వులో నవ్వుగా దాటిపోతాం గానీ, అందులో కవి పనితనం ఎంతో ఉంది. ముసలివాడు కదా అని హనుమంతుణ్ణి నవ్వులపాలు చెయ్యలేదు. నవ్వంతా భీముడి గర్వం మీద. పెద్దాయన వయసు కనిపిస్తుంది, బలం తగ్గలేదనీ కనిపిస్తుంది. అసలు దారికి అడ్డుపడడం కూడా ఆ పైన మనుషులు వెళ్ళకూడని తావని, తమ్ముడికి ఆపద రాకూడదని.

ఆ తర్వాత మాటలు ఇంకా బాగుంటాయి. సముద్రం దాటిన ఆ రూపం చూపించమంటాడు భీముడు. ఆ కాలం వేరు, ఇప్పుడు అది చూడలేవంటాడు హనుమంతుడు. పట్టుబడితే చివరకు చూపిస్తాడు. ఇంత బలం ఉండీ లంకలో రావణుణ్ణి నువ్వే ఎందుకు చంపలేదు అని అడుగుతాడు భీముడు. నేనే చంపితే రాముడి కీర్తి ఏమవుతుంది అన్నట్టు జవాబిస్తాడాయన. కావాలంటే నేనే వెళ్ళి ధృతరాష్ట్రుడి కొడుకుల్ని మట్టుపెట్టి వస్తానని కూడా అంటాడు. మీ అండ ఉంటే చాలు, ఆ పని మేమే చేసుకుంటామంటాడు భీముడు.

ఈ ఒక్క మాట దగ్గర భారతం నిలబడింది. భీముడు సరేనని ఉంటే కురుక్షేత్రమే లేదు, మా వసారాలో మొదటి రాత్రి జరిగిందే అక్కడా జరిగేది. అందుకని ఆయన చేసిన సాయం వేరు. నీ సింహనాదానికి నా గొంతు కలుపుతాను, అర్జునుడి జెండా మీద ఉంటాను అని మాట ఇచ్చాడు. పద్దెనిమిది రోజుల యుద్ధంలోనూ ఒక్క దెబ్బ కొట్టలేదు. యుద్ధం ముగిశాక అర్జునుడూ, వెనకనే కృష్ణుడూ రథం దిగారు. ధ్వజం మీది కపి మాయమైంది, రథం భగ్గున బూడిదైంది. ద్రోణకర్ణుల అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోవలసిందట. పైన కూర్చున్నవాళ్ళ విలువ, లేచిపోయాక గానీ తెలియదు.

పాత వీరుడు ఓడిపోనే కూడదా అంటే, అదీ కాదు. వినాయకచవితినాడు అక్షతలు చేత పట్టుకుని ఏటేటా వింటామే శ్యమంతకమణి కథ, అందులో జాంబవంతుడు ఓడిపోతాడు. సముద్రతీరాన హనుమంతుడికి తన బలం గుర్తుచేసిన పెద్దాయన, యుగం మారాక గుహలో సంసారిగా కనిపిస్తాడు. కృష్ణుడితో 28 రోజులు పోరాడి, ఒళ్ళు హూనమయ్యాక, ఈ ఎదుటివాడు మరెవరో కాదు తన రాముడేనని పోల్చుకుంటాడు. మణినిచ్చి, కూతురు జాంబవతినిచ్చి చేతులు జోడిస్తాడు. ఆ ఓటమిలో ఆయన చిన్నబోలేదు. పూర్వకథలో రాముడి మీద ఉన్న భక్తే ఇక్కడ ముగింపయింది. కొత్త రాక్షసుణ్ణి గొప్పచెయ్యడానికి ఒక్క వేటుకి బలి ఇవ్వడం వేరు, ఇది వేరు.

మనిషి స్వభావం నిలిపితే, పరాయి రచయిత తెచ్చినా పాత్ర బతుకుతుంది. గురజాడ గిరీశాన్ని ముళ్ళపూడి వెంకటరమణ తీసుకొచ్చి సినిమాల మీద 'గిరీశం లెక్చర్లు' ఇప్పించారు. గిరీశం అన్నాక లెక్చరివ్వాలి, అంతే. కాలం మారింది, విషయం మారింది, మనిషి మారలేదు. ఆయన్ని బుద్ధిమంతుణ్ణి చేసి, ఒక మూల కూర్చోబెట్టి ఉంటే మనం పోల్చుకునేవాళ్ళమా?

ఆ ఆట కనిపెట్టిన గైగాక్స్ కూడా ఈ దారినే నడిచాడు. ఆయన సొంతంగా ఆడుకున్న మోర్డెన్‌కైనెన్ అనే మాంత్రికుడు తర్వాత ఆట పుస్తకాల్లో అందరికీ ఎదురయ్యే పాత్రయ్యాడు. కొన్ని మంత్రాలకు ఆ పేరే పెట్టారు. ఆ మంత్రం ఇప్పుడు ఎక్కడో ఎవరో పిల్లవాడు వేస్తాడు. పేరు పెద్దాయనది, పని పిల్లవాడిది. అది బాగుంది. కానీ గైగాక్స్ తెచ్చింది తన పాత్రను తాను. మరొకరు ఏళ్ళ తరబడి మోసిన పాత్రను తెచ్చేటప్పుడు వాళ్ళను ఒక్కమాట అడగాలి. గురజాడను అడగలేం, ఆయన పుస్తకాన్ని అడగాలి. అన్నయ్య మేడమీదే ఉన్నాడు కదా!

ఇదంతా మరిది కూతురికి ఇంత పొడుగున చెప్పలేదు. భారతం కథ మాత్రం చెప్పి, కంచంలో అన్నం పెట్టి చేతికిచ్చాను. పిల్ల పైకి వెళ్ళింది. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను, చాటుగా వినడం రచయిత్రుల జబ్బు.

"అన్నా, వాడు ఇప్పుడేం చేస్తుంటాడో నువ్వే చెప్పు" అంది.

చాలాసేపు మాట లేదు. తర్వాత వాడి గొంతు. "ఊరి చివర చెట్టుకింద కూర్చుని బాణాలు చెక్కుతుంటాడు. పిల్లలెవరైనా అడిగితే దారి చెబుతాడు. అడక్కపోతే చెప్పడు."

"మరి నిన్న చచ్చిపోయాడు కదా?"

"వాడెవడో తాగుబోతు. మావాడి పేరు చెప్పుకుని తిరుగుతున్నాడు."

మూడో రాత్రి ఆట మళ్ళీ మొదలైంది. పెద్దవాడు గోడకానుకుని కూర్చున్నాడు. చిన్నవాళ్ళు హుషారుగా చెట్టుకింద మనిషిని దాటుకుని వెళ్ళారు, అడవిలో దారి తప్పారు, పాచికలు ఎదురు తిరిగాయి, ఉన్న నీళ్ళు అయిపోయాయి. తప్పనిసరై వెనక్కి వచ్చి, "అయ్యా, కొండమీది గుడికి దారెటు?" అని అడిగారు. సూత్రధారి జవాబు చెప్పకుండా అన్నయ్య వైపు చూసింది. వాడు చేత్తో ఉత్తరం చూపించాడు.

మంచం మీద పడుకుని అంతా వింటున్న మా అత్తగారు అటు తిరిగి పడుకుంటూ, "ముందే అడిగుంటే అయిపోతుండె గద" అన్నారు.