ముందు కూర్చో, తర్వాత నేర్చుకుందువు

"జీ కొట్టరా" అన్నాను. మావాడు గిటారు మీద జీ కొట్టాడు. నేను కీబోర్డు మీద జీ నొక్కాను. రెండూ కలిసి తుప్పు పట్టిన గేటు తీసినట్టు మోగాయి.

"నీ గిటారు శ్రుతిలో లేదు."

"ఇప్పుడే ఫోన్లో చూసి సరిచేశాను. నీ డబ్బానే పాడైంది."

నా డబ్బా మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా కొన్నది. ఆరేళ్లు అటక మీద ఉండి దిగింది కాబట్టి నేను గట్టిగా వాదించలేకపోయాను. అయినా అరగంట వాదించుకున్నాం. అప్పటిదాకా చెక్కపెట్టె మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మూడోవాడు, "ఆ మెడ మీద క్లిప్పేంట్రా?" అన్నాడు. అది కేపో. రెండో మెట్టు మీద బిగించి ఉంది. అంటే వాడి వేళ్లు పట్టుకున్నది జీ అయినా గిటారు పలుకుతున్నది ఏ. తప్పు వాడిదీ కాదు, నాదీ కాదు. రెండు వేర్వేరు కార్డులను ఒకే పేరుతో పిలుచుకుంటున్నాం, అంతే.

పాడేవాడిది ఇంకో గొడవ. వాళ్ల నాన్న పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. వాడికి జీలు, ఏలు తెలియవు. "ఐదు శ్రుతిలో నా వల్ల కాదు, రెండున్నరకి దించండి" అన్నాడు. రెండున్నర అంటే డీ షార్ప్ అని తేల్చుకోవడానికి మరో పావుగంట పట్టింది. గిటారువాడు కేపోని ఒకటో మెట్టుకి జరిపి డీ పట్టుకున్నాడు. నేను డీ షార్ప్ నొక్కాను. పాడేవాడు 'సా' అందుకున్నాడు. ఈసారి ముగ్గురం మూడు పేర్లు చెప్పాం, నాదం మాత్రం ఒక్కటే వచ్చింది. ఆ ఆదివారం మా బ్యాండ్ వాయించింది మొత్తం ఆ ఒక్క కార్డే. దానికే నలుగురం మిర్చిబజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం.

మేం ఇంటర్ నుంచి స్నేహితులం. ఒకడికి మెడికల్ షాపు, ఒకడు బ్యాంకులో, ఒకడు కాలేజీలో, నేను ఇదిగో ఇలా రాస్తూ. అందరికీ నలభై అయిదు దాటాయి. విజయవాడలో మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు పక్క గదిలో కూర్చుంటాం. నిజానికి ఈ బ్యాండ్ ఇరవై ఏళ్ల కిందట మొదలవ్వాలి. అప్పట్లో "ముందు బాగా నేర్చుకుని, తర్వాత కలుద్దాం" అనుకున్నాం. ఎవరింట్లో వాళ్లం నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఎవరింట్లో వాళ్లం మానేశాం.

గిటారు నేర్చుకునేవాళ్లని ఎవర్నైనా అడగండి, ఎఫ్ కార్డు గురించి చెబుతారు. చూపుడువేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలనీ ఒకేసారి నొక్కాలి. వేలు వాస్తుంది, తీగ పలకదు. ఒంటరిగా కూర్చున్నవాడికి అక్కడ గోడ తగులుతుంది. ఎన్నో గిటార్లు ఆ గోడ పక్కనే దుమ్ము కొట్టుకుపోతున్నాయి. మా వాడికీ ఎఫ్ ఇప్పటికీ సరిగ్గా రాదు. ఎఫ్ వచ్చేచోట వాడు చెయ్యి ఎత్తేస్తాడు, నేను కీబోర్డు మీద నొక్కుతాను. నాకు ఎడమచెయ్యి తిరగదు, ఆ కింది స్థాయిని వాడి లావు తీగలు చూసుకుంటాయి. వినేవాళ్లు మాత్రం, "ఆ ఒక్కచోట గిటారు ఆపడం భలే ఉందండీ" అంటారు. రానిదాన్ని పంచుకుంటే అది కూర్పు అయి కూర్చుంటుందని నాకు నలభై అయిదేళ్లకి తెలిసింది.

మన సంగీతం చదువుకి ఒక వరస ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆ తర్వాతే కృతులు. కచేరీ మాట ఇంకెప్పటికో. ఆ వరస తప్పని అనను. దానివల్లే ఆ విద్య నిలిచింది. కానీ మన ఊళ్లలోనే ఇంకో బడి కూడా ఉండేది. ధనుర్మాసంలో మా తాతయ్య నన్ను రామాలయం భజనకి తీసుకెళ్లేవాడు. అక్కడ ఎవరూ "నీకేం వచ్చు?" అని అడగలేదు. చేతికి చిడతలిచ్చి కూర్చోబెట్టారు. తప్పు కొడితే పక్కాయన నా మోకాలి మీద తన చేత్తో దరువు వేసి చూపించేవాడు. చిడతలు కుదిరినవాడికి తాళాలు, తాళాలు కుదిరినవాడికి డోలక్. ముందు కూర్చోవడం, తర్వాత నేర్చుకోవడం. బ్యాండ్ అనేది పరాయి మాట కావచ్చు, దాని బడి మాత్రం ఈ భజన బడే.

లివర్‌పూల్ కుర్రాళ్లదీ అదే దారి. 1956లో లానీ డానెగన్ పాట విని ఇంగ్లండులో వీధికో స్కిఫుల్ బ్యాండ్ లేచింది. బట్టలుతికే రేకుపలక ఒక వాయిద్యం, టీపెట్టెకి కర్ర, తాడు కడితే ఇంకో వాయిద్యం. పదహారేళ్ల జాన్ లెనన్ బ్యాండూ అలాంటిదే. 1957 జులై 6న వూల్టన్ చర్చి ఉత్సవంలో వాయిస్తుంటే పదిహేనేళ్ల పాల్ మెకార్ట్‌నీ చూశాడు. లెనన్ అమ్మ నేర్పిన బాంజో కార్డులు పట్టుకుంటున్నాడు, మాటలు తెలియనిచోట సొంతంగా అల్లేసి పాడేస్తున్నాడు. గిటారుని గిటారులా శ్రుతి చేయడం తర్వాత మెకార్ట్‌నీయే చూపించాడు. శ్రుతి చేయడం రాకముందే అతనికి బ్యాండ్ ఉంది, దాన్ని వినేవాళ్లూ ఉన్నారు.

మన బాలుగారూ మద్రాసు తొలినాళ్లలో ఒక లైట్ మ్యూజిక్ బృందం నడిపారు. అందులో గిటారు, హార్మోనియం వాయించిన కుర్రాడు ఇళయరాజా. ఆయన తొలి సినిమా 'అన్నక్కిళి' రావడానికి 1976 దాకా ఆగాలి. వాళ్లతో మమ్మల్ని పోల్చుకుంటే కళ్లు పోతాయి. నేను చూసేది ఆ వరసని మాత్రమే. పేరు తర్వాత వచ్చింది, పక్కన కూర్చునే మనిషి ముందే ఉన్నాడు.

మా దరువు సంగతి చెప్పాలి. డ్రమ్స్ కొనే స్తోమతా లేదు, పెట్టే చోటూ లేదు. మెడికల్ షాపువాడు చెక్కపెట్టె ఒకటి తెచ్చాడు. పేరు కహోన్. స్పానిష్‌లో ఆ మాటకి పెట్టె అనే అర్థం. పెరూలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు సరుకుల పెట్టెల మీదే దరువు వేసుకున్నారు, అలా పుట్టింది. 1970ల్లో పాకో దె లుసియా దాన్ని స్పెయిన్ ఫ్లమెంకో సంగీతంలోకి తెచ్చాడు. దాని మీదే కూర్చుని, వంగి, మోకాళ్ల మధ్య వాయించాలి. పలక నడుమ అరచేత్తో కొడితే దుమ్ అంటుంది, పైఅంచున వేళ్లతో కొడితే టప్ అంటుంది. మావాడు రెండోవారానికే దుమ్మూ టప్పూ పట్టేశాడు. పట్టుబడనిది వేగం. పల్లవిలో నిమిషానికి 84 దెబ్బలున్న పాట చివరికొచ్చేసరికి 104కి చేరేది.

రెండు నెలలయ్యాక ఒక సాయంత్రం కింది ఫ్లాటు మాస్టారు పైకి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. గొడవకే వచ్చారనుకుని లేచి నిలబడ్డాం.

"కూర్చోండి బాబూ. రెండో చరణం ముందు మీరు పరిగెడుతున్నారు."

"మాస్టారూ, మీకు..."

"ఎనిమిది ఆదివారాలు విన్నానయ్యా. వినక చస్తానా!"

వాయిద్యాలు కింద పెట్టించారు. నలుగురి చేతా తొడ మీద ఆది తాళం వేయిస్తూ పాట పాడించారు. నాలుగు దెబ్బల లఘువు, రెండేసి దెబ్బల ద్రుతాలు రెండు, మొత్తం ఎనిమిది. చేతులు ఖాళీగా ఉంటే ఎవడెక్కడ తొందరపడుతున్నాడో కళ్లకే కనపడింది. పెట్టెవాడు కాదు, నేను! నాకు రాని బిట్ ముందుందని తెలిసి, భయంతో ముందే పరిగెత్తుతున్నాను. పాపం, వాడు నా వెనక పరిగెడుతున్నాడు. రెండు నెలలు వాణ్ని తిట్టాను.

స్నేహితుడికి తప్పు చెప్పడం శ్రుతి చేయడం కంటే కష్టం. ముప్ఫై ఏళ్లుగా ఒకరినొకరం వెక్కిరించుకుంటూ బతికినవాళ్లం, "నువ్వు అపశ్రుతి పాడుతున్నావు" అంటే మాత్రం వారం రోజులు ఫోన్ ఎత్తం. అందుకే ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్లో రికార్డు చేసి వింటాం, ఎవడి తప్పు వాడే ముందు చెప్పాలి. చిత్రమేమిటంటే, రికార్డులో ఎవడికైనా తన తప్పే పెద్దగా వినిపిస్తుంది. పక్కవాడు చెప్పేదేమీ మిగలదు.

మొన్న వినాయక చవితికి అపార్ట్‌మెంటు పందిట్లో మూడు పాటలు వాయించాం. మొదటి పాట మధ్యలో మైకు లాక్కుని, "తెల్ల యాక్టివా ఎవరిదో గేటుకి అడ్డంగా ఉంది, తీయాలి" అన్నారు. రెండో పాటలో గిటారు సన్నతీగ తెగింది. మూడోది ఐదు తీగలతోనే అయింది. సినిమా పాటలు రికార్డులో మెల్లగా సన్నగిల్లి ఆగిపోతాయి, ఎదురుగా మనుషులుంటే అలా కుదరదు. మాకెప్పుడూ ముగింపు దగ్గరే నలుగురివి నాలుగు దారులు. ఆ రాత్రి ఆఖరి ఆవర్తం వస్తుండగా మొదటి వరసలో మాస్టారి చెయ్యి ఆయన తొడ మీద ఆడుతూ కనిపించింది. ఎనిమిదో దెబ్బ కాగానే, సమం మీద నలుగురం ఒక్కసారి ఆపాం.

చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మా ఇళ్లవాళ్లే. మాస్టారు కొట్టలేదు. వైర్లు చుట్టుకుంటుంటే దగ్గరికొచ్చి, లాల్చీ జేబులోంచి నల్లబడిన చిడతలు తీసి చూపించారు.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి బాబూ?"