నలభై వాక్యాలు, ఒక తల్లి మాట

రెండేళ్ళ కిందట అరకులోయలో పిల్లల వైకల్య నిర్ధారణ శిబిరంలో ఒక పూటంతా కూర్చున్నాను. వైద్యంతో నాకు సంబంధం లేదు, సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఏ కాగితం చేతికొచ్చినా ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరి గొంతు వినపడటం లేదు అని వెతకడం అలవాటైపోయింది. ఆ పూట చేతికొచ్చినది ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ స్కేలు. దాన్నొక రచనగా చదివితే ఏం కనిపిస్తుందో చూద్దామనే ఈ ప్రయత్నం.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యాలు వంటివాటిని కలిపి నాడీవికాస సమస్యలంటారు. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు. బిడ్డని గమనించాలి, పెంచినవాళ్ళని అడగాలి, రాసుకోవాలి. అంటే నిర్ధారణ ఇక్కడ ఒక కథనం. ఆ కథ చెప్పేది ఎక్కువగా తల్లే. రాసేది మాత్రం ఆమె కాదు.

ఈ స్కేలు 2009లో వచ్చింది. 2016లో ప్రభుత్వం సర్టిఫికెట్ల కోసం దీన్ని ప్రామాణికం చేసింది. పరాయిదేశపు కొలబద్దని అరువు తెచ్చుకోకుండా మనవాళ్ళు మన పిల్లల కోసం తయారుచేసినది కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఇందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ఏ లక్షణమూ లేని బిడ్డకి కూడా 40 వస్తాయి. 70 వస్తే ఆటిజం. ఆ 70నే 40 శాతం వైకల్యంగా లెక్కగట్టారు, పింఛను మొదలయ్యేదీ ఆ 40 శాతం దగ్గరే. 69కీ 70కీ మధ్య ఎంత దూరమో ఆ ఇంటి ఆడవాళ్ళకి తెలుస్తుంది.

అంశాలు చూడండి. కళ్ళలోకి చూడకపోవడం, ఒంటరిగా ఆడుకోవడం, ప్రమాదమంటే భయం లేకపోవడం, అర్థంలేని మాటలు వాడటం. ఎవరికి అర్థంలేనివి? అరకులో ఆదివాసీ ఒడియా, కువి, కొండ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. గిడుగు రామమూర్తి గారు ఇవే తూర్పు కనుమల్లో సవర నేర్చుకుని 1931లో ఆ భాష వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువునీ అచ్చులోకి తెచ్చారు. మైదానం చెవికి గోలగా తోచిన దాంట్లో వ్యాకరణం ఉందని చెప్పడానికి అంత శ్రమ పట్టింది. శిబిరంలో ఒక్కో బిడ్డకి దొరికేది అరగంట.

ఆ పూట ఆరేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తల్లిది ఆదివాసీ ఒడియా. పరీక్షించే అమ్మాయిది తెలుగు. మధ్యలో ఆశా కార్యకర్త. ఒంటరిగా ఆడుకుంటాడా అన్న ప్రశ్నకి తల్లి చాలాసేపు చెప్పింది. ఆశా కార్యకర్త "ఎప్పుడూ అంతేనంట" అంది. 5 పడింది. నేను ఇచ్ఛాపురంలో పెరిగినదాన్ని, కోస్తా ఒడియా వచ్చు, కొండ మీద మాట్లాడేది సగమే అందుతుంది. ఆ సగంలో నాకు వినిపించింది వేరు. మేం పొలం వెళ్తే వీడు మేకలతో ఉంటాడు, వేరే పిల్లలు ఆ దరిదాపుల్లో లేరు అంటోందామె. ఆ తర్వాత ఇంకోటి కూడా చెప్పింది. రెండేళ్ళప్పుడు చెల్లిని పిలిచేవాడట, మేకల్ని పేర్లతో పిలిచేవాడట, ఒక వానాకాలం జ్వరం వచ్చి తగ్గాక పిలవడం మానేశాడట. వచ్చిన మాట పోవడం ఆ 40 అంశాల్లో ఒకటి. జ్వరం తర్వాత పోయిందంటే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. తెలుగులోకి ఈ ముక్క రానేలేదు.

ఆశా కార్యకర్తని తప్పుపట్టలేను. దుబాసీ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు, దానికి రూపాయి కూడా ఇవ్వరు.

ఇదంతా చెప్పి, కొండల్లో పిల్లలు ఎలా ఉన్నా ఊరు కలుపుకుపోతుంది, ఈ పేర్లన్నీ పట్నంవాళ్ళ పేర్లు అని ముగించడం మనలాంటివాళ్ళకి సులువు. ఒకప్పుడు నేనూ అలాగే రాశాను. హైదరాబాదుతో పాటు ఒడిశాలోని ధెంకనాల్‌ గిరిజన ప్రాంతాన్నీ కలుపుకుని అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్ని పరీక్షించిన అధ్యయనం 2018లో అచ్చయింది. వినికిడి లోపం, మూర్ఛ వంటివీ కలుపుకుని, దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక నాడీవికాస సమస్య ఉందని అది తేల్చింది. ఊరు కలుపుకుపోతుందన్న మాటలో ఆ 'ఊరు' సాధారణంగా తల్లో, అమ్మమ్మో, బడి మానేసిన అక్కో. పేరు పెట్టకపోతే ఆ చాకిరీకి లెక్కే లేదు.

1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తన 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్'తో ఆటిజానికి తల్లుల నిరాదరణే కారణమన్న వాదాన్ని ఊరూరా పాకించాడు. ఆ వాదం తప్పని తేలిపోయింది. తల్లి బోనులోంచి దిగి సాక్షి అయింది. ఆ సాక్ష్యం ఏ భాషలో తీసుకోవాలన్నది మాత్రం ఫారంలో ఎక్కడా లేదు, భాషకంటూ ఒక గడి కూడా లేదు.

నేను జోక్యం చేసుకున్నాను. ఆశా కార్యకర్త ముఖం చిన్నబోయింది. పరీక్షించే అమ్మాయి విసుక్కోకుండా 5 కొట్టేసి, మళ్ళీ మొదటినుంచీ అడిగి, చివర వినికిడి పరీక్షకి విశాఖపట్నం రాసింది. వంద కిలోమీటర్లు పైనే, రెండు రోజుల కూలి. వెళ్ళారో లేదో నాకు తెలియదు. కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ ఆ తల్లి నన్నొకటే అడిగింది: మేకల పేర్లు కూడా రాశారా అని.